రాగిపిండి మూటతో ఎగైలాకు

సింధూ, ఆ ఫోను పక్కన బెట్టి రాసుకో. నేను చెప్పింది చెప్పినట్ల రాయాల. "అవ్వా, ఇది బాగలేదు, మార్చి రాస్తా" అన్యావంటే నేను నోరు మూసుకుంటా. కువైట్‌కు పోయొచ్చి ఇరవై దినాలాయె. వీధిలో అందరూ అడుగుతాండారు, ఏం తెచ్చినావు, బంగారు తెచ్చినావా, సెంటు తెచ్చినావా అని. ఏం తెచ్చినానో చెప్తా. ఆ దేశం చూడనోళ్ళు చదువుకోనీ. రేపో మాపో పోబోయేటోళ్ళు ముఖ్యంగా చదువుకోనీ.

మామా ఫోను

నేను ఆడికి కొత్త గాదు. మన రాజంపేట తట్టు ఇంటికొకరు కువైట్ చూసినోళ్ళే. ఆడ యుద్ధం అయిపోయిన రెండేండ్లకు నేను పోయినా. మీ అమ్మకు అప్పుడు ఎనిమిదేండ్లు. పద్నాలుగేండ్లు ఒకే ఇంట్లో పని జేసినా. ఇంటామెను మామా అంటాం, ఆడ పనిజేసే ఆడోళ్ళందరూ అట్లనే పిలుస్తారు. ఆమె కొడుకు యూసుఫ్. నేను పోయేసరికి వానికి ఆరేండ్లు. నీళ్ళు పోసింది నేను, అన్నం తినిపించింది నేను, పండుకోబెట్టింది నేను. వానికి తెలుగు నేర్పాలని నేను అనుకోలా, వాడే పట్టుకున్యాడు. నా పేరు రామలక్షుమ్మ అయితే వాని నోటికి లచ్చమ్మా అని వచ్చె. అదే నిలిచిపాయె.

వాడు పెద్దయి ఐర్లాండ్ అనే దేశంలో డాక్టరు చదివినాడు. వాడు చదువుకు పోయినాక ఆ ఇంట్లో నాకు పని లేకపాయె, నేను వచ్చేసినా. తర్వాత వాడు సర్కారు ఆస్పత్రిలో, దెబ్బలు తగిలినోళ్ళను తెచ్చే వార్డులో చేరినాడు. ఒట్టి డాక్టరయితే నాకు ఇంత చెప్పే పనే లేదు. వాడు రగ్బీ ఆడేటోడు. అదేందో మీ తాతకు చెప్పలేక చచ్చినా. కోడిగుడ్డు మాదిరి బంతి, దాన్ని సంకలో పెట్టుకుని ఉరకాల. ఎదురుంగ వచ్చేటోడు నడుం పట్టుకుని నేలకేసి కొడతాడు. మన కబడ్డీ మాదిరే, కాకపోతే ఆడ కూత లేదు. బడిలో మొదలుపెట్టి కువైట్ దేశం తరపున ఆడేదాకా పోయినాడు. దుబాయ్ పోయె, ఖతార్ పోయె, ఇంగా యాడాడనో ఆడె. పగలు ఆస్పత్రి, సాయంత్రం ఆట. ఆ వీడియోలు నాకు పంపేటోడు. నా బీపీ మాత్ర మార్చాలన్నా వానికే ఫోను జేసేదాన్ని. "ఊరగాయ జాడీ ముట్టుకోవద్దు లచ్చమ్మా" అని మన మాటలోనే తిట్టేటోడు.

రెండేండ్ల కింద ఫోనులో వాని మాట ముద్దముద్దగా వచ్చె. ఏమిరా, తాగినావా అని ఎకసెక్కం జేసినా. వాడు నవ్వె. తర్వాత ఫోన్లు తగ్గె, ఆమీట నిలిచిపాయె. పోయిన పండగయినాక మామా ఫోను జేసె. నరాలు ఒక్కొక్కటే చచ్చిపోయే జబ్బంట. కాళ్ళు పోయినాయి, చేతులు పోయినాయి, మాట పోయింది, ఇప్పుడు మింగేది పోతాండాది. బుద్ధి మాత్రం ఉన్నది ఉన్నట్లే ఉండాది. కడుపులోకి గొట్టం ఏసి దాంట్లో పాలు పోయాలంటాండారు డాక్టర్లు. వాడు ఒప్పుకోడంలా. ఊపిరి ఇంగ తగ్గితే ఆ గొట్టం ఏసేదానికి గూడ కాదంట, నెల లోపల జరగాలంట. "నా మాట వినడు. నీ మాట వింటాడు, రా" అనె మామా. టికెట్టు, వీసా అన్నీ ఆమే చూసుకునె.

నేను సరే అనేదానికి ఇంగో కారణం గూడ ఉండె. దాన్ని రిగ్గై అనే పేటకు పోయిన కాడ చెప్తా.

విమానంలో పిల్ల

నా పక్క సీట్లో లక్కిరెడ్డిపల్లె పిల్ల కూర్చునింది. పేరు గంగాదేవి. ఇరవై రెండు, ఇరవై మూడేండ్లు ఉంటాయి. మొదటిసారి పోతాండాది. కాగితాల కవరు రెండు చేతులా రొమ్ముకు అదుముకునింది, అన్నం పెట్టినా గూడ కింద పెట్టలా. ఆ అన్నం గూడ ఏందో, చల్లబడిన పులావు, వేలంత కేకు. వెండికాగితం ఎట్ల తీయాల్నో దానికి తెలీక అట్లనే చూస్తాంటే నేనే తీసిచ్చినా.

ఆ పిల్ల అడిగె, పెద్దమ్మా, ఆ ఇంట్లో ముగ్గురు పిల్లోల్లంట, ఎట్ల సాకాల అని. నాకు గొప్ప వచ్చె. పద్నాలుగేండ్ల అనుభవం గదా. మామా ఎదురుంగ కూర్చోవద్దు, బంగారం వస్తువు కనపడితే వెంటనే తెచ్చియ్యి, పిలిస్తే రెండోసారి పిలిపించుకోవద్దు, ఇట్లాంటివన్నీ చెప్పినా. కడాకు ఇది గూడ చెప్పినా:

"పిల్లోల్లు యాడన్నా పడినారనుకో, ఉరికిపోయి మామాకు చెప్పొద్దు. ముందు మొగం కడిగి, చొక్కా మార్చి, నెత్తురు కనపడకుండ చెయ్యి. తర్వాత చూసుకోవచ్చు."

ఆ పిల్ల తలకాయ ఊపె, పాఠం విన్నట్ల. సింధూ, ఇది గీత గీసి రాయి.

దిగినాక నా సంచిలో రాగిపిండి మూట పట్టుకున్యారు. మన చేలో పండిన రాగులు, ఆడించి జల్లెడ పట్టి, పాతచీర గుడ్డలో కట్టకపోయినా. యూనిఫారం పిల్లోడు మూట విప్పి, వాసన చూసి, ఇంగొకణ్ణి పిలిచె. ఇద్దరూ ఆ పిండిని చూసే చూపు చూడాల్సిందే. నాకు అరబ్బీ మరుపు రాలేదు గానీ రాగులకు అరబ్బీలో ఏమంటారో ఎప్పుడూ తెలీదు. చారెడు తీసి నోట్లో ఏసుకున్యా. పొడిపిండి గొంతుకు అడ్డంపడి దగ్గు, కండ్లల్లో నీళ్ళు. వాళ్ళే నీళ్ళ బాటిలిచ్చి, యల్లా, పో అనిరి. అది నవ్వులాటే అనుకున్యా అప్పుడు.

ఎగైలా

ఇల్లు మారింది. నేను పనిజేసిన పాత ఇల్లు అమ్మేసి ఇప్పుడు ఎగైలాలో ఉండారు. ఇంటి ఎనకాలే పెద్ద మాలు. సాయంత్రమయితే ఆ మాల్లో జనం, మన తిరపతి రథం వీధి మాదిరి. నన్ను ఏర్పోర్టు నుంచి తీసుకొచ్చింది డ్రైవరు ఖాజా. రాయచోటోడు, నలభై ఏండ్లుంటాయి, పదకొండేండ్లుగా ఆ ఇంట్లో ఉండాడు. కారెక్కంగానే పెద్దమ్మా అని పిలిచె, పరాయోడనిపించలా.

మామా వాకిలి దాకా వచ్చి నా రెండు చెంపలు ముద్దు పెట్టుకునె. పద్నాలుగేండ్లు పనిజేసినప్పుడు ఒక్కసారన్నా అట్ల జేసిందా అంటే లేదు. చెయ్యి పట్టుకుని లోపలికి పిల్చకపాయె. ఆ చెయ్యి ఎంత సన్నబడిందో.

యూసుఫ్ చక్రాల కుర్చీలో ఉండాడు. తలుపు నిండా ఉండేటోడు, భుజాలకు చొక్కాలు చినిగిపోయేటివి. ఇప్పుడు ఆ కుర్చీలో ఇంగొక మనిషికి చోటుండాది. తలకాయ నిలబడేదానికి మెడకు పట్టీ. ఒళ్ళంతా పోయినా ఎడమ కనుబొమ్మ మింద ఆటలో తగిలిన మచ్చ మాత్రం అట్లనే ఉండాది, అది చూసి వాడే అని గుర్తుపట్టినా.

కుడిచేతి రెండు వేళ్ళు రొంత కదులుతాయి. వాటికింద ఒక పలక లాంటి ఫోను పెట్టింటారు, దాని మింద కొడతాడు. మామాతో, నర్సుతో అరబ్బీలో, ఇంగ్లీషులో కొడతాడు. నాతో మాట్లాడాల్నంటే తెలుగు. తెలుగు అక్షరాలు వానికి రావు గదా, మన మాటనే అరబ్బీ అక్షరాల్లో కొడతాడు. ఖాజా చిన్నప్పుడు మదరసాలో ఆ అక్షరాలు నేర్చినాడు, చదివి చెప్తాడు. ఆ అక్షరాల్లో 'ప' లేదంట, పప్పు అని కొడితే బబ్బు అని వస్తాది. మామాకు ఆ అక్షరాలు వచ్చు గానీ మాట తెలీదు. నాకు మాట తెలుసు గానీ అక్షరాలు రావు. వానికీ నాకూ మధ్య ఏ మాట జరగాలన్నా ఖాజా నోటి గుండానే జరగాల.

వాడు కొట్టిన మొదటి మాట ఏందో తెల్సా. ఖాజా వంగి చదివి నవ్వె.

"ఊరగాయ మానినావా అంటాండాడు పెద్దమ్మా."

మానినా అని అబద్దం చెప్పినా. వాని కండ్లు నవ్వె. ఆ కండ్లకు తెలుసు.

ఒక కప్పు మెత్తటి గుజ్జు తినేదానికి గంట పట్టేది. ఫిలిప్పీన్ నర్సు చెంచాతో ఇంతింత పెడతాంటే, గడ్డం వంచి, కష్టపడి మింగేటోడు. నాలుగో దినం నేను గొట్టం మాట ఎత్తినా. నీయట్లాంటి డాక్టరు గొట్టం వద్దంటే ఎట్ల నాయనా, మీయమ్మ మొగం చూడు అని. శానాసేపు కొట్టినాడు. ఖాజా ఈసారి నవ్వకుండ చదివె.

"నేను అదే గొట్టం శానామందికి ఏపించినా. ఏసినాక వాళ్ళు ఎట్లుంటారో చూసినా. నోటితో తినేది ఒక్కటి మిగిలింది నాకు. అది తీయొద్దు."

పక్కన మామా ఏమంటాండాడు, ఏమంటాండాడు అని నా మొగం చూస్తాండాది. ఆలోచన చేస్తాడంట అని చెప్పినా.

అల్ రాయ్

యూసుఫ్ కుర్చీని ఎక్కించే బండికి లిఫ్టు చెడిపాయె. ఖాజా దాన్ని అల్ రాయ్‌కి తీసకపోతాంటే యూసుఫ్ నేనూ వస్తా అని కొట్టె. ఏటవాలుగ పెట్టిన చెక్క మింద నుంచి కుర్చీని తోసి ఎట్లనో ఎక్కించి, నన్ను గూడ కూర్చోబెట్టుకుని పోయినారు. అల్ రాయ్ అంటే ఒక పక్క అద్దాల షోరూములు, ఇంగో పక్క షెడ్లు, వెల్డింగు, నూనె మరకలు. ఎండ ఎట్లుండాదంటే మన కడప ఎండ చుట్టం మాదిరి అనిపిస్తాది. పాలు మరగకాచిన టీ నూటాయాభై ఫిల్సులు, మన లెక్కన నలభై రూపాయలు. మూడు గుక్కలకు అయిపాయె.

షెడ్డులో లిఫ్టు బాగుజేసే మేస్త్రీ కరీంనగర్ దిక్కాయన. యూసుఫ్‌ను చూసినోడు చూసినట్ల నిలబడిపాయె. చేతిలో పానా కింద పెట్టి, బొటనవేలు ముందరికి చాపె. దాని చుట్టూ సన్నటి కుట్ల గీత.

"గీ వేలు సారే కుట్టిండు అమ్మా. సగం తెగి ఏలాడుతుండె. నేను నొప్పికి ఓ అమ్మా, ఓ అమ్మా అని ఒర్లుతుంటే, ఈ అరబ్బు సార్ 'కదలొద్దురా సామీ, రొంత ఓర్చుకో' అన్నడు. నొప్పి మర్చిన. మీ రాయలసీమ తెలుగు నేను ఫస్ట్ విన్నది ఒక కువైటీ నోట్ల."

చెప్పి నవ్వినాడు గానీ సగంలో ఆ నవ్వు నిలిచిపాయె. పని అయినాక దుడ్లు తీసుకోలా. యూసుఫ్ చెయ్యి ఎత్తి తన నెత్తిన పెట్టుకుని, మళ్ళా ఒళ్ళో మెల్లగ పెట్టె.

బండి ఎక్కేముందు ఖాజా ఇంగొకటి చెప్పె. ఒక ఆటలో ఎదుటిజట్టు వానికి పెదవి చినిగిందంట. సగం ఆట కాడ విశ్రాంతి ఇస్తారు గదా, అప్పుడు యూసుఫ్ బూట్లతోనే కూర్చుని వానికి కుట్లు ఏసినాడంట. మళ్ళా ఆట మొదలయితానే ఆ కుట్లోడే యూసుఫ్‌ను తలకాయతో గుద్ది పడేసినాడంట. తన జట్టు పిల్లోల్లలో ఎవనికన్నా తలకు తగిలితే యూసుఫ్ వాన్ని బయట కూర్చోబెట్టేటోడంట, మూడు వారాలు బంతి ముట్టుకోనిచ్చేటోడు కాదంట. తనకు తగిలితే మాత్రం లేచి ఒళ్ళు దులుపుకునేటోడంట. కుర్చీలో ఉండే యూసుఫ్‌కు ఇదంతా వినపడతాండాది. నేను వాని మొగం చూడలేక టీ గ్లాసు చూసుకుంటా ఉంటి.

రిగ్గై

ఏడో దినం మామాను అడిగి రిగ్గైకి పోయినా. ఆడ ఖాదర్‌బీ ఉండాది. కడప ఆమె, నేను పోయిన యేడే వచ్చె, ఇంగా ఆడనే ఇండ్లల్లో వంట జేస్తాండాది. ఒక గదిలో ఐదుమంది. మంచం కిందే సామాన్లు, మంచం మిందే దేవుళ్ళు, అల్లా అక్షరాలు ఒక గోడకు, ఎంకటరమణస్వామి ఇంగో గోడకు. కట్ట గోంగూర అర దినారు పెట్టి తెచ్చింది నాకోసం, నూట నలభై రూపాయలు. మన గట్టున పీక్కుంటే ఎవరన్నా అడుగుతారా. అన్నం తిన్యాక అందరూ పనికి పోతే, ఆమెకు చెప్పినా. మీ తాతకు గూడ చెప్పని మాట.

యూసుఫ్‌కు పదమూడేండ్లప్పుడు బడి ఆటలో తల నేలకు కొట్టుకుని పడిపోయినాడు. కొంచెంసేపు తెలివి లేదంట. బడిబండిలో ఇంటికొచ్చినోడు రెండుసార్లు కక్కుకునె. ఈరోజు ఏ వారం లచ్చమ్మా అని నాలుగుసార్లు అడిగె. చెవి ఎనక తెగింటే కాఫీపొడి అద్దినా, నెత్తురు నిలిచిపాయె. మామా ఇంట్లో లేదు. "మామాకు చెప్పొద్దు, ఆట మాన్పిస్తాది" అని వాడు నా చెయ్యి పట్టుకునె. నేను చెప్పలా. వాని కోసమే చెప్పలేదు అంటే సగం అబద్దం. పది దినాల్లో నాకు ఊరికి పోయే సెలవు ఉండె. రెండేండ్లకు ఒకసారి వచ్చే సెలవు. నా చేతుల కింద బిడ్డకు దెబ్బ తగిలిందంటే మామా సెలవు ఆపేస్తాది. చొక్కా ఉతికి ఆరేసినా. బిర్యానీ ఎక్కువ తిన్యాడు, కక్కున్యాడు అని చెప్పినా. మూడో దినం వాడు మళ్ళా ఆటకు పాయె, మళ్ళా తలకే తగిలించుకుని వచ్చె.

సింధూ, ఎందుకు నిలిపినావు. రాయి. ఆ సెలవులోనే నేను మీ అమ్మను చూసేదానికి వచ్చినా. మీ అమ్మకు ఆ యేడు పట్టు లంగా తెచ్చినా.

ఆమీట అదొక అలవాటాయె వానికీ నాకూ. దెబ్బ తగిలేది, వాడు చెప్పొద్దనేది, నేను కాఫీపొడి డబ్బా తీసేది. నరాల జబ్బని మామా ఫోనులో చెప్పంగానే నాకు ఈ తల దెబ్బలే జ్ఞాపకమొచ్చె, అందుకే పోతా అన్యా.

ఖాదర్‌బీ అంతా విని, చేతిలో అప్పడం పక్కన పెట్టి, "ఎప్పటిదో లచ్చుమక్కా. ఇప్పుడు చెప్తే ఎవురికి లాభం. ఖలాస్ అనుకో" అనె. ఆమెకు గూడ అట్లాంటివి ఉండాయి, మొగం చూస్తే తెలిసిపాయె. నేను గూడ ఖలాస్ అనుకునే ఎగైలాకు తిరిగొచ్చినా.

శుక్రవారం

శుక్రవారం మామా వాళ్ళక్క ఇంటికి మధ్యాన్నం భోజనానికి పాయె. ఆడ శుక్రవారమంటే చుట్టాలందరూ ఒక ఇంట్లో చేరి తింటారు. నర్సుకు చర్చి ఉండాది, నర్సు బదులు కూర్చోవాల్సింది ఖాజా. ఖాజా రొంతసేపు కారు కడుగుతా అని వాకిట్లో ఉండాడు. పోయేముందు యూసుఫ్ కొట్టిన మాట చదివిచ్చి పోయినాడు. ఒకటే మాట.

సంగటి.

నేను వద్దు అనాల్సింది. అనలా. నాకేం అనిపించిందో చెప్తా విను. మనోళ్ళం సంగటి నమలం గదా. ముద్ద చేసి, పప్పులో అద్ది, గుటుక్కున మింగుతాం. వాడు చిన్నప్పుడు నమిలితే నేనే నెత్తిన మొట్టి నేర్పినా, సంగటి నమిలేటోడు పనికిరాడు అని. నమలలేని బిడ్డకు ఇంతకంటే మంచి తిండి ఏముంటాది అనుకున్యా. వాడు డాక్టరు, వానికి తెలీదా అనుకున్యా. వానికి తెలుసు. తెలిసే అడిగినాడు.

ఆకుకూర పప్పు మెత్తగ ఎనిపినా. సంగటి గెలికి, నెయ్యి ఏసి, వాని ముందర కూర్చుంటి. రేగ్గాయంత ముద్ద మొదట. పోయింది. వాడు కండ్లు మూసుకునె. రెండోది పోయింది. కండ్ల కొసన నీళ్ళు వచ్చె, అవి నొప్పి నీళ్ళు కాదు. నా చెయ్యికి పాత అలవాటు వచ్చేసె. మూడో ముద్ద రొంత పెద్దదాయె.

అది లోపలికి పోలా, బయటికి రాలా. దగ్గేదానికి గూడ వానికి బలం లేదు. సప్పుడు లేకుండ మొగం ఎర్రగయ్యె, నీలంగయ్యె, కండ్లు నన్నే చూస్తాండాయి. నేను ఖాజా ఖాజా అని అరిచినట్ల జ్ఞాపకం. వాడు తడిచేతులతో ఉరికొచ్చి, యూసుఫ్‌ను ముందరికి వంచి ఈపు మింద గుద్ది, నర్సు వాడే పీల్చే మిషన్ గొట్టం నోట్లో పెట్టి, ఎట్ల జేసినాడో జేసినాడు. ముద్ద బయటపడె. యూసుఫ్‌కు ఊపిరి వచ్చె. సన్నగ, ఈల మాదిరి. నేను నేల మింద కూర్చుండిపోయినా, చేతికి సంగటి ఎండిపోయి ఉండె.

చాలాసేపటికి వాని వేళ్ళు కదిలె. ఖాజా వంగి చూసి, నన్ను చూసి, మెల్లగ చదివె.

"మామాకు చెప్పొద్దు."

అదే మాట. పదమూడేండ్లప్పటి మాట.

ఖాజా నా పక్కన గొంతుక్కూర్చునె. "డాక్టరు సాబే చెప్పొద్దంటాండాడు గద పెద్దమ్మా. నువ్వు విజిట్ మింద వచ్చినావు, పది దినాల్లో పోతావు. నేను ఈడ ఉండాల. ఇడిసిపెట్టి కారు కడుగుతాండానని తెలిస్తే ఈడ ఉండనిచ్చే ఇఖామా నాకు ఉంటాదా. ఇద్దరు ఆడబిడ్డలు చదువుతాండారు నాకు."

వాడు చెప్పేది నిజమే. నేను ఒకప్పుడు చొక్కా ఉతికింది గూడ ఇట్లాంటి మాటకే. లేచి చెయ్యి కడుక్కున్యా. పళ్ళెం గూడ కడుగుదామని పట్టుకున్యా. కొళాయి తిప్పినా. మళ్ళా కట్టేసి, ఆ పళ్ళెం కడగకుండ అట్లనే టేబులు మింద పెట్టినా, వాకిట్లోంచి వచ్చేటోళ్ళకు కనపడేటట్ల.

మామా వచ్చేసరికి మూడు దాటె. పళ్ళెం చూసె, నన్ను చూసె. నాకు వచ్చిన అరబ్బీలో అంతా చెప్పినా. సంగటి చెప్పినా, ముద్ద చెప్పినా, ఖాజా రాకుంటే నీ కొడుకు లేడు అని గూడ చెప్పినా. ఖాజా ఎక్కడున్యాడు అని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. ఆ ఒక్కటి దాచినా. దాచినా అనే రాయి, వాళ్ళు తెలుగు చదవరు లే.

ఆమె యూసుఫ్ కాడికి ఉరికి రొమ్ము మింద చెవి పెట్టె. అప్పుడు ఎనకనుంచి చెప్పినా, మామా, ఇది మొదటిసారి గాదు అని. వాని కండ్లు వద్దు వద్దు అంటాండాయి. ఆ కండ్లు చూస్తానే చెప్పినా. కాఫీపొడి నుంచి మొదలుపెట్టి.

ఆస్పత్రి

ఆ సాయంత్రమే ఆస్పత్రికి తీసకపోయినారు. ఊపిరితిత్తుల్లోకి తిండి దిగిందంట, జ్వరం మొదలాయె. వాడు ముందు పనిజేసిన ఆస్పత్రే. నర్సులు వచ్చి, డాక్టర్ యూసుఫ్ అని పిలిచి, మొగం తిప్పుకుని పోతాండిరి.

మరుసటి దినం మామా నన్ను ఒక చిన్న గదికి పిలిపించె. ఆడ ఒక ఐగుప్తు డాక్టరమ్మ కాగితాలు పెట్టుకుని కూర్చునింది. మామా నన్ను చూడకుండ గోడకు చెప్తాండట్ల మాట్లాడె.

"ఎన్నిసార్లు?"

తెలీదు మామా అన్యా.

"తెలిసినకాడికి చెప్పు. ఒక్కొక్కటి చెప్పు. ఆమె రాస్తాది."

మధ్యాన్నమంతా చెప్పినా. చెవి ఎనక. నెత్తి మింద. ముక్కులోంచి నెత్తురు వచ్చి దిండు మార్చిన దినం. వెలుతురు చూడలేక రెండు దినాలు కర్టెన్లు ఏయించుకున్నది, బడి ఎగ్గొట్టేదానికి దొంగేషాలు అని మామా తిట్టింది గూడ. అది చెప్తాంటే మామా చెయ్యి నోటికి పాయె. ఏడు చెప్పినా. ఎనిమిదోది ఉండాదేమో, జ్ఞాపకం రాలా. డాక్టరమ్మ మెల్లగ చెప్పె, ఇవి రాసినా ఇప్పుడు వైద్యం ఏం మారదు, ఈ జబ్బు దెబ్బల వల్లే వచ్చిందని చెప్పలేం అని.

"రాయి" అనె మామా. "నేను చూడని నా కొడుకు ఉండాడు ఆ కాగితంలో. రాయి."

ఇంగ నోటితో ఏమీ పెట్టేదానికి లేదని డాక్టర్లు తేల్చేసిరి. గొట్టమో, లేకుంటే ఆకలో. మామా ఈసారి బతిమలాడలా, ఏడవలా. నీ ఇష్టం బిడ్డా అని మాత్రం అడిగె. వాడు రెండు దినాలు కండ్లు మూసుకుని ఉండె. మూడో దినం సరే అని కొట్టె. ఊపిరికి కష్టమయింది గానీ గొట్టం ఏసినారు.

నన్ను ఏ పనికి పిలిపించిందో ఆ పని అయిపాయె. వాని నోటికి చివరి ముద్ద నేనే పెట్టినా.

ఆ దినాలంతా నేను గదిలోకి పోతే వాడు కండ్లు మూసుకునేటోడు. నిద్ర గాదు. నేను బయటికి వస్తే తెరిచేటోడు, అద్దంలో చూసినా.

తిరుగు ప్రయాణం

పోయే దినం, వాడు ఇంటికి వచ్చిన మరుసటి దినం, ఖాజాను ఎంట పెట్టుకుని వాని ముందర నిలబడినా. కండ్లు మూసినాడు. మూసుకో నాయనా, చెవులు మూసుకోలేవు గదా అన్యా. అడగాల్సింది అడిగినా.

"నేను ఆరోజు మీయమ్మకు చెప్పింటే, ఇది నీకు రాకపోయేదా? డాక్టరుగా చెప్పు."

కండ్లు తెరిచె. వేళ్ళు కదిలేదానికి శానా పొద్దు పట్టె. ఖాజా చదివె.

"తెలీదు లచ్చమ్మా. ఎవురికీ తెలీదు."

కాదు అని ఒక్క మాట చెప్పింటే నేను నిద్రపోయేదాన్ని. చెప్పలా. రోగుల ఎదురుంగ అబద్దం చెప్పే డాక్టరు గాదు వాడు. నేను వాని పాదాలు ముట్టుకుని తిరుక్కుంటాంటే, ఖాజా ఉండు పెద్దమ్మా అనె. ఇంగొక మాట కొట్టినాడు.

"సంగటి బాగుండె."

మామా గడప కాడికి రాలా. నా సంచి కారులో పెట్టించింటే, ఏర్పోర్టులో తెరిచి చూసుకున్యా. మిగిలిన రాగిపిండి, నేను కట్టిన గుడ్డలోనే, నేను ఏసిన ముడి మాదిరే ఏసి, దాని మింద పనిమనుషులకు పండగకిచ్చే కవరు ఒకటి పెట్టింది. తెరవలా. ఖాజాకు ఇచ్చేసినా, ఆడబిడ్డల చదువుకు అని. వాని ఇఖామా ఇంగా ఉండాది, నిన్న గూడ ఫోను జేసినాడు. యూసుఫ్‌కు గొట్టంలో పాలు పోతాండాయంట. వేలు ఒకటే కదులుతాందంట ఇప్పుడు.

అదీ నేను తెచ్చింది, సింధూ. బంగారు లేదు, సెంటు లేదు. ఆ పిండితో రోజూ పొద్దున సంగటి చేసుకుంటాండా. మింగలేక నమిలి తింటాండా. మీ తాత చూసి నవ్వుతాడు, కువైట్ పోయొచ్చి సంగటి తినేది మరిచిపోయె అని. నవ్వనీ.

చివర ఇది రాయి, పెద్దక్షరాలతో. లక్కిరెడ్డిపల్లె గంగాదేవీ, నీ ఫోను నెంబరు నేను తీసుకోలా. నువ్వు ఏ ఇంట్లో ఉండావో తెలీదు. విమానంలో నేను చెప్పింది తప్పు. బిడ్డ పడితే చొక్కా మార్చొద్దు, మొగం కడగొద్దు. ఎట్ల ఉండాడో అట్లనే ఎత్తుకుని మామా కాడికి ఉరుకు. నీ సెలవు పోతే పోనీ.